ఒక చెవికే వినిపిస్తున్న హెడ్‌ఫోన్: తీగ, పిన్ను ఇంట్లోనే బాగు చేసుకునే పద్ధతి

హెడ్‌ఫోన్లు పాడయ్యాయని మనం సొరుగులో పడేసే వాటిలో చాలావాటికి లోపలి స్పీకర్లు శుభ్రంగా ఉంటాయి. తెగేది తీగ. అదీ ఎక్కడ పడితే అక్కడ తెగదు. పిన్ను మొదట్లోనో, రెండు చెవులకు తీగ చీలే చోటనో, చెవి కప్పులోకి దూరే చోటనో తెగుతుంది. కట్టుతీగను చేత్తో అటూ ఇటూ నాలుగుసార్లు వంచి తెంపినట్టే, ఈ మూడు చోట్లా రాగి పోగులు రోజూ వంగి వంగి అలసిపోయి, ఒక్కొక్కటిగా తెగిపోతాయి. దానికి చెమట తోడైతే రాగి పచ్చబడుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండలు తెలిసినవే. ఆ ఎండలో బండి డిక్కీలో పడి ఉంటే పైన ప్లాస్టిక్ కూడా గట్టిపడి పగులుతుంది.

హనుమకొండ నయీంనగర్ దిక్కు రూముల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైల్లో పోయివచ్చేవాళ్లు తీగ హెడ్‌ఫోన్లను బాగానే వాడతారు. ఛార్జింగ్ గొడవ ఉండదు, క్లాసు మధ్యలో ఆగిపోవు. వాళ్లు నా దగ్గరికి తెచ్చినప్పుడు చెప్పే మాట ఎక్కువగా ఒక్కటే: "అన్నా, ఒక్క దిక్కే వస్తుంది. పిన్ను పట్టుకొని వంచితే రెండు దిక్కులా వస్తుంది." రోగం ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది.

ఈ పని అనగానే అందరూ లోహాన్ని కరిగించి అతికే సోల్డరింగ్‌కు భయపడతారు. అసలు అతుకు పెట్టడం రెండు సెకన్ల పని. మరమ్మతు చెడేది రెండు చోట్ల. ఒకటి, తెగిన చోటు సరిగ్గా కనిపెట్టకుండానే కత్తిరించడం. రెండు, తీగ మీదున్న కంటికి ఆనని పూతను తీయకుండా అతకడం. ఈ రెండింటికీ ఓపిక పెడితే మొదటిసారి చేసేవాళ్లకు కూడా పని కుదురుతుంది. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ చెబుతాను.

తప్పు హెడ్‌ఫోన్‌దేనా?

కత్తెర పట్టుకునే ముందు ఇదే హెడ్‌ఫోన్‌ను ఇంకో ఫోన్‌కు పెట్టండి. ఇదే ఫోన్‌కు ఇంకో హెడ్‌ఫోన్ పెట్టండి. ఈ రెండు పరీక్షలతో తప్పు ఎవరిదో తేలిపోతుంది.

తప్పు ఫోన్‌దని తేలితే ముందుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీలో ఆడియో బ్యాలెన్స్ చూడండి. ఎడమ, కుడి మధ్య ఉండే ఆ గీత ఎప్పుడో వేలు తగిలి ఒక పక్కకు జరిగి ఉండొచ్చు. ఆ తర్వాత సాకెట్‌లోకి టార్చ్ వేసి చూడండి. జేబులోని నూలు, దుమ్ము కలిసి అడుగున గట్టిగా పేరుకుంటాయి. పిన్ను చివరిదాకా దిగదు, ఒక చెవికి వస్తుంది, ఇంకో చెవికి రాదు. ఫోన్ ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో మెల్లగా బయటికి లాగండి. గుండుసూది, పిన్నీసు వద్దు. లోపలి స్ప్రింగ్ రేకులు వంగితే అప్పుడు నిజంగానే ఫోన్ షాపుకు పోవాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. పెద్ద హెడ్‌ఫోన్లలో కొన్నింటికి కప్పు దగ్గర తీగ ఊడి వస్తుంది. అలాంటిదైతే ఏమీ కోయకండి. కొత్త తీగ కొని పెట్టుకుంటే చాలు. సి టైప్ పిన్ను ఉన్న ఇయర్‌ఫోన్లది వేరే కథ. డిజిటల్ సిగ్నల్‌ను శబ్దంగా మార్చే చిప్ చాలా వాటిలో ఆ పిన్నులోనే ఉంటుంది, పిన్ను కోస్తే దాంతోపాటు అదీ పోతుంది. ఇక్కడ చెప్పేదంతా గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను గురించే.

వినిపించే తీరును బట్టి తెగిన తీగ

ఒక చెవి పూర్తిగా మూగబోతే ఆ చెవికి పోయే తీగ తెగినట్టు. అది తేలికే. అందరినీ తికమక పెట్టేది ఇంకోటి ఉంది: రెండు చెవులకూ శబ్దం వస్తుంది, కానీ పాటలో పాడేవాళ్ల గొంతు మాయమై, వాద్యాలు మాత్రం ఎక్కడో డొల్లగా వినిపిస్తాయి. స్పీకర్ పోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. స్పీకర్లకు ఏమీ కాలేదు. రెండింటికీ ఉమ్మడిగా ఉండి కరెంటు తిరిగి పోయే గ్రౌండ్ తీగ తెగింది. గ్రౌండ్ లేనప్పుడు రెండు స్పీకర్లు ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి, ఎడమ కుడి సిగ్నళ్ల మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతును మామూలుగా రెండు వైపులా సమానంగా కలుపుతారు కాబట్టి అది కొట్టేసుకుపోతుంది.

ఇదే లక్షణం కనిపించి, మైక్ మీది బటన్ నొక్కి పట్టుకుంటే శబ్దం బాగవుతుంటే మాత్రం తీగను అనుమానించే ముందు ఆగండి. మైక్ హెడ్‌ఫోన్లలో పిన్ను మీది లోహపు పట్టీల్లో గ్రౌండ్, మైక్ ఉండే వరుస రెండు రకాలు. ఇప్పటి ఫోన్లన్నీ దాదాపు సీటీఐఏ అనే వరుసను వాడతాయి. పాత నోకియా ఫోన్లలో కొన్ని ఓఎంటీపీ అనే వరుసను వాడేవి, అందులో ఆ రెండూ తారుమారు. ఒక వరుస హెడ్‌ఫోన్‌ను ఇంకో వరుస ఫోన్‌కు పెడితే ఇలాగే వినిపిస్తుంది.

గరగరమని వస్తూ పోతూ ఉంటే పోగులు కొన్ని తెగి, కొన్ని ఇంకా పట్టుకుని ఉన్నట్టు. ఇది మరమ్మతుకు మంచి సమయం. పూర్తిగా తెగాక వెతకడం కష్టం, ఇప్పుడైతే చెవే చెబుతుంది.

తెగిన చోటు కనిపెట్టడం

పాట కాకుండా ఎవరైనా ఆగకుండా మాట్లాడే ఆడియో పెట్టండి. వార్తలు, క్లాసు ఏదైనా సరే. పాటలో ఒక పక్క వాద్యం సహజంగానే ఆగవచ్చు, మాట అలా ఆగదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, తీగను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య అంగుళం ఎడంగా పట్టుకోండి. ఆ అంగుళాన్ని మాత్రమే మెల్లగా అటూ ఇటూ వంచండి. మిగతా తీగ కదలకూడదు. పిన్ను దగ్గర మొదలుపెట్టి, అంగుళం అంగుళం జరుపుకుంటూ పైకి పొండి. శబ్దం తుళ్లిన చోట చిన్న టేపు ముక్క అంటించండి. అక్కడే ఆగిపోకుండా చివరిదాకా వెళ్లండి, రెండు చోట్ల తెగిన తీగలూ ఉంటాయి.

పిన్ను దగ్గర పరీక్షించేటప్పుడు ఒక తేడా గమనించాలి. పిన్నును సాకెట్‌లో గుండ్రంగా తిప్పితే శబ్దం మారుతుంటే అది సాకెట్‌లో దుమ్మో, పిన్ను మీద మరకో కావచ్చు. పిన్ను కదలకుండా పట్టుకుని, వెనక తీగను వంచితే మారుతుంటే తెగింది లోపల. తీగను పిన్నులోకి నెట్టినట్టు చేస్తే శబ్దం తిరిగి వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పూర్తిగా తెగిపోయి ఏమీ వినిపించకపోతే కరెంటు దారిని కొలిచే మల్టీమీటర్ కావాలి. పిన్ను కొనకూ గ్రౌండ్ పట్టీకీ (మైక్ లేని పిన్నులో చివరిది, మైక్ ఉన్నదాంట్లో చివరిదానికి ముందుది) మధ్య కరెంటుకు ఉండే అడ్డును ఓమ్స్‌లో కొలవండి. మామూలు హెడ్‌ఫోన్లు 16 లేదా 32 ఓమ్స్ దగ్గర ఉంటాయి. మీటర్ ఏమీ చూపించకుండా ఉంటే ఆ దారి తెగింది. మీటర్ పుల్లల్ని అలాగే ఆనించి, పైన చెప్పినట్టు తీగను వంచుతూ పొండి. అంకె మెరిసిన చోటే తప్పు ఉంది.

సామాను

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నటి కొన ఉన్నది. తగరం, సీసం 60/40 పాళ్లలో ఉండి మధ్యలో ఫ్లక్స్ ఉన్న సోల్డరింగ్ లెడ్, సన్నది. చిన్న డబ్బా ఫ్లక్స్, అంటే లెడ్ బాగా పట్టేలా చేసే పేస్టు. హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడికి ముడుచుకుని తీగను పట్టుకునే గొట్టం, రెండు మూడు సైజులు. మల్టీమీటర్, చవకది చాలు. పదునైన బ్లేడు, బట్టలకు పెట్టే క్లిప్పులు, సన్న గరుకు కాగితం. కొత్త పిన్ను. ఇవన్నీ మొబైల్ రిపేర్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఎంపికకు ఎక్కువ రకాలు ఉంటాయి.

పిన్ను కొనేటప్పుడు మూడు చూడండి. పాత పిన్ను మీద నల్ల గీతలు ఎన్నున్నాయో కొత్తదాని మీదా అన్నే ఉండాలి. రెండు గీతలైతే మైక్ లేనిది, మూడు గీతలైతే మైక్ ఉన్నది. వెనక మూతలో తీగ దూరే రంధ్రం మీ తీగకు సరిపోవాలి. మూత మరీ లావుగా ఉంటే ఫోన్ కవర్ అడ్డుపడి పిన్ను పూర్తిగా దిగదు, కాబట్టి మీ ఫోన్‌ను కవర్‌తో సహా తీసుకెళ్లి షాపులోనే పెట్టి చూసుకోండి. లోపల అచ్చులో పోసి మూసేసిన పిన్నులు వద్దు. మర తిప్పి మూత తీయగలిగే లోహపు పిన్నే తీసుకోండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

పిన్ను మీద ఏ పట్టీ దేనికి

ఈ పిన్ను వంశం చాలా పాతది. దీని పెద్దన్న, పావు అంగుళం పిన్ను, 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పుట్టింది. చిన్నది ట్రాన్సిస్టర్ రేడియోలతో వచ్చి, 1979లో వాక్‌మన్ వచ్చాక ఊరూరా పాకింది. వరుస మాత్రం వాక్‌మన్ నాటి నుంచీ ఒకటే: కొన ఎడమ చెవికి, దాని పక్క పట్టీ కుడి చెవికి.

మైక్ లేని పిన్నులో మూడోది, అంటే మొదట్లో ఉండే పొడవాటి భాగం గ్రౌండ్. మైక్ ఉన్న పిన్నులో మూడో పట్టీ గ్రౌండ్, మొదట్లోది మైక్. ఇక్కడ జాగ్రత్త. కొత్త పిన్ను మూత తీస్తే లోపల అన్నిటికంటే పొడవైన రేకు ఒకటి ఉంటుంది, దాని చివర తీగను పట్టుకునే రెండు రెక్కలుంటాయి. మైక్ లేని పిన్నులో గ్రౌండ్ ఆ పొడవు రేకుకే పోతుంది. అదే అలవాటుతో మైక్ పిన్నులోనూ గ్రౌండ్‌ను అక్కడే అతికేస్తే పాటలో గొంతు మాయమవుతుంది. మైక్ పిన్నులో పొడవు రేకు మైక్‌ది.

లోపలి చిన్న రేకులు ఏది ఏ పట్టీకి పోతుందో కంపెనీని బట్టి మారుతుంది. ఊహించకండి. మీటర్‌ను బీప్ (దారి కలిస్తే కూత పెట్టేది) మీద పెట్టి, ఒక పుల్ల పట్టీ మీద, ఇంకోటి రేకు మీద ఆనించి చూడండి. చూసినదాన్ని కాగితం మీద బొమ్మ గీసుకోండి. అతికేటప్పుడు పిన్నును అటూ ఇటూ తిప్పుతాం, గుర్తుంటుందనుకున్నది గుర్తుండదు.

కోయడం, ఒలవడం

టేపు అంటించిన చోటు నుంచి చెవుల వైపు సెంటీమీటరు వదిలి కోయండి. తెగిన చోట సరిగ్గా కోస్తే అలసిన పోగులు కొన్ని కొత్త అతుకులోకి వచ్చేస్తాయి. లోపలి రాగి నల్లగానో పచ్చగానో ఉంటే ఇంకో రెండు సెంటీమీటర్లు కోసేయండి. తీగ కాస్త పొట్టిదైతే నష్టమేమీ లేదు.

ఇప్పుడే, ఏదీ అతకకముందే, పిన్ను మూతను తీగలోకి ఎక్కించండి. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉంటే అదీ, హీట్ ష్రింక్ ముక్కా ఎక్కించండి. మూత మర పిన్ను వైపు తిరిగి ఉండాలి. అతుకు పూర్తయ్యాక మూత బల్ల మీద కనిపిస్తే చేసిందంతా విప్పాల్సిందే.

పై తొక్కను రెండు సెంటీమీటర్లు తీయాలి. బ్లేడుతో చుట్టూ నొక్కి కోయొద్దు, లోపలి పోగులు తెగుతాయి. తీగను వేలి మీద వంచి, వంగిన చోట పైపైన చిన్న గీత పెట్టండి. బిగుతుకు తొక్క తానే విచ్చుకుంటుంది. తీగను తిప్పుతూ చుట్టూ అలా గీసి లాగేయండి.

లోపల మామూలుగా ఎరుపు ఒకటి, ఆకుపచ్చో నీలమో ఒకటి, రాగి రంగువి ఒకటో రెండో కనిపిస్తాయి. ఎరుపు చాలావాటిలో కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగు గ్రౌండ్. రెండు రాగి రంగు తీగలుంటే సాధారణంగా ఒక్కో చెవికి ఒక్కో గ్రౌండ్, ఆ రెండూ కలిసి ఒకే రేకుకు పోతాయి. మైక్ ఉంటే దానికి ఇంకో తీగ. ఈ రంగులకు చట్టమేమీ లేదు. పూత తీశాక మీటర్‌తో నిర్ధారించుకోవాల్సిందే.

పూత తీయడం, అసలు పని ఇక్కడే

ఆ ఎరుపు, ఆకుపచ్చ చూసి చాలామంది అది ప్లాస్టిక్ అనుకుంటారు. కాదు. అది రాగి పోగు పోగుకూ పూసిన వార్నిష్. ఎనామిల్ అంటారు. రాగి రంగులో ఉన్నదానికి కూడా పారదర్శకమైన పూత ఉండవచ్చు, పూత లేనట్టే కనిపిస్తుంది. వెంట్రుక కంటే సన్నని పోగులకు విడివిడిగా ప్లాస్టిక్ తొడిగితే తీగ లావైపోతుంది, అందుకే ఈ ఏర్పాటు. ఆ పూత కరెంటును పోనివ్వదు, సోల్డర్‌ను అంటనివ్వదు. పూత తీయకుండా అతికితే లెడ్ తీగ చుట్టూ ముద్దలా గడ్డకడుతుంది. చూడటానికి అతికినట్టే ఉంటుంది, లాగితే జారి వస్తుంది. ఇంట్లో మరమ్మతు చేసి "సోల్డరింగ్ చేసినా పనిచేయలేదు" అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే.

పోగుల మధ్యలో తెల్లటి దారం కూడా ఉంటుంది. లాగినా తెగకుండా తీగకు బలం ఇచ్చేది అదే. దాన్ని పోగుల నుంచి విడదీసి, తొక్క అంచుదాకా కత్తిరించేయండి. ఉంచితే కాలి మసై అతుకులో కలుస్తుంది.

ఇక పూత. నాకు నమ్మకమున్న పద్ధతి ఐరన్‌తోనే తీయడం. కిటికీ తెరవండి, ఆ పొగ పీల్చకూడదు. సీలింగ్ ఫ్యాన్ నేరుగా ఐరన్ మీద పడితే కొన చల్లారిపోతుంది, ఫ్యాన్ ఆపి కిటికీ దగ్గర కూర్చోండి. ఐరన్‌ను అయిదు నిమిషాలు బాగా వేడెక్కనివ్వండి. 60/40 లెడ్ 190 డిగ్రీలు దాటకముందే పూర్తిగా కరిగిపోతుంది, కానీ పూత కాలడానికి 350 డిగ్రీలకు పైనే కావాలి. అందుకే లెడ్ కరుగుతోంది కదా అని తొందరపడకండి.

పోగుల్ని వేళ్లతో మెలితిప్పి, కొనకు రవ్వంత ఫ్లక్స్ అంటించండి. ఐరన్ కొన మీద శనగగింజంత లెడ్ ముద్ద తీసుకోండి. తీగ కొసను ఆ ముద్దలో ముంచి పట్టుకోండి. ఒకటి, రెండు సెకన్లు ఏమీ జరగదు. ముద్ద తీగను తోసేస్తున్నట్టే ఉంటుంది. మూడో సెకనుకో నాలుగో సెకనుకో చిన్నగా చిటపటమని పొగ లేస్తుంది, పూత నల్లగా మరిగి పక్కకు జరుగుతుంది. ఆ వెంటనే లెడ్ ఒక్కసారిగా పోగుల్లోకి పాకి, ఎర్రగా ఉన్న తీగ కొసనుంచి పైకి వెండిలా మెరుస్తూ మారుతుంది. ఆ మెరుపు కనిపించేదాకా తీగ తీయకండి. ముద్దను మెల్లగా పైకి జరుపుతూ నాలుగైదు మిల్లీమీటర్ల మేర ఇలా చేయండి. నల్ల మసి పట్టిన లెడ్‌ను తడి స్పాంజికి తుడిచేసి, కొత్త లెడ్‌తో ఇంకోసారి పూయండి. ఒక్కో తీగకూ విడివిడిగా చేయాలి.

ఎంతసేపు పట్టినా లెడ్ ఎక్కకపోతే లైటర్ మంటను తీగ కొసకు ఒక్క క్షణం చూపించి, చల్లారాక సన్న గరుకు కాగితాన్ని మడిచి, మధ్యలో తీగ పెట్టి, మెల్లగా రెండుసార్లు లాగండి. మంట ఎక్కువసేపు పెడితే రాగి పెళుసెక్కి విరిగిపోతుంది. అందుకే దీన్ని మొదటి మార్గంగా నేను చెప్పను.

పూత పోయాక మీటర్ పని మొదలు. గ్రౌండ్ అనుకున్నదానికీ ఒక్కో రంగు తీగకూ మధ్య ఓమ్స్ కొలవండి. 16 లేదా 32 దగ్గర వస్తే ఆ తీగ ఒక స్పీకర్‌కు పోతున్నట్టు. మీటర్ ఆనించినప్పుడు ఆ చెవిలో సన్నగా టిక్కుమని వినిపిస్తుంది. ఏ చెవిలో వినిపించిందో చూసి కాగితం మీద రాసుకోండి. మైక్ తీగైతే అంకె వందల్లోనో వేలల్లోనో ఉంటుంది, మైక్ బటన్ నొక్కగానే సున్నా దగ్గరికి పడిపోతుంది.

అతకడం

వేడికి పిన్నులోని పట్టీల మధ్య ప్లాస్టిక్ మెత్తబడి, పట్టీలు పక్కకు జరిగి ఒకదానికొకటి తగులుతాయి. దీనికి మంచి ఉపాయం ఉంది. పాడైన రేడియోలోంచో, హెడ్‌ఫోన్ ఎక్స్‌టెన్షన్ తీగలోంచో తీసిన పాత సాకెట్‌లో పిన్నును గుచ్చి పనిచేయండి. అది పట్టీల్ని వరుసలో పట్టుకుంటుంది, వేడినీ కొంత లాగేస్తుంది. పాత సాకెట్ లేకపోతే చెక్క ముక్కకు రంధ్రం పెట్టి గుచ్చండి. పనికొచ్చే ఫోన్‌లో మాత్రం గుచ్చకండి.

ప్రతి రేకును గరుకు కాగితంతో కాస్త గీకి, దాని మీదా లెడ్ పలచగా పూయండి. తీగ మీద లెడ్, రేకు మీద లెడ్ ఉంటే రెండింటినీ ఆనించి ఐరన్ తాకిస్తే చాలు, రెండు సెకన్లలో కలిసిపోతాయి. ఐరన్ తీశాక లెడ్ గడ్డకట్టేదాకా తీగ కదలకూడదు. అందుకే తీగను బట్టల క్లిప్పుతో పట్టించండి, చేతికి సహజంగానే వణుకు ఉంటుంది. కదిలితే అతుకు మసకబారి గరుకుగా తేలుతుంది. దాన్నే డ్రై సోల్డర్ అంటారు. మళ్లీ వేడిచేసి సరిచేయండి.

పిన్ను లోపలికి దగ్గరగా ఉన్న చిన్న రేకులతో మొదలుపెట్టి, పొడవు రేకును చివర్న పెట్టుకోండి. మధ్యలో రెండు రేకులు దగ్గరగా ఉంటే ఒక్కో అతుకు పూర్తయ్యాక దాని మీదికి సన్న స్లీవ్ ముక్క జరపండి. లెడ్ తక్కువైతే పరవాలేదు. ఎక్కువైతేనే మూత బిగించేటప్పుడు పక్కదానికి తగులుతుంది.

పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. లెడ్‌లో సీసం ఉంటుంది. ఆ బల్ల మీద టీ, టిఫిన్ పెట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఫోన్‌కు పెట్టేముందు మీటర్‌కు పెట్టండి

మూత బిగించకముందే కొలవండి. కొనకూ గ్రౌండ్‌కూ మధ్య 32 వచ్చిందనుకుందాం. రెండో పట్టీకీ గ్రౌండ్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. కొనకూ రెండో పట్టీకీ మధ్య దానికి రెట్టింపు, అంటే 64 దగ్గర రావాలి. ఎందుకంటే రెండు స్పీకర్లను దాటుకుని పోతున్నాం. ఈ మూడు అంకెలు కుదిరితే పని సరిగ్గా ఉంది. ఎక్కడైనా సున్నా దగ్గర వస్తే షార్ట్ ఉన్నట్టు. అలా ఉన్నదాన్ని ఫోన్‌కు పెట్టకండి, ఫోన్ లోపలి ఆంప్లిఫైయర్ మీద భారం పడుతుంది.

తర్వాత మూత బిగించి మళ్లీ అవే మూడు అంకెలు చూడండి. మూత వేశాక సున్నా వస్తే ఏదో అతుకు మూతకు తగులుతోంది. విప్పి, లోపలి ప్లాస్టిక్ గొట్టం స్థానంలో ఉందో లేదో చూసుకోండి.

తీగ మళ్లీ అక్కడే తెగకుండా

అతుకు ఎంత బాగున్నా తీగను లాగే బలం దాని మీద పడకూడదు. పొడవు రేకు రెక్కల్ని ప్లాయర్‌తో తీగ పై తొక్క మీదికి మడిచి నొక్కండి. లోపలి పోగుల మీద కాదు. తొక్క సన్నగా ఉండి రెక్కలకు పట్టు దొరక్కపోతే ముందు ఒక స్లీవ్ ముక్క తొడిగి లావు చేయండి. ఆ తర్వాత మూత వెనక నుంచి తీగ మీదికి మూడు సెంటీమీటర్ల స్లీవ్ వేసి, దాని మీద ఇంకొకటి కాస్త పొట్టిది వేసి, లైటర్ మంటను దూరం నుంచి చూపించి ముడుచుకునేలా చేయండి. పిన్ను దగ్గర గట్టిగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉండాలి. అలా ఉంటే ఒంపు ఒకే చోట పడదు.

ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది తీగలోకి ఇంకి రాయిలా గట్టిపడుతుంది. ఆ గట్టిదనం ఆగిపోయిన అంచు దగ్గరే తీగ మళ్లీ విరుగుతుంది. ఎం-సీల్ కూడా పిన్ను మూత లోపల ఖాళీ నింపడానికి తప్ప తీగ మీద వాడకండి.

మధ్యలో తెగినా, కప్పు దగ్గర తెగినా

తీగ మధ్యలో తెగితే పిన్ను జోలికి పోనక్కర్లేదు. తెగిన ముక్క కోసేసి, రంగుకు రంగు కలిపి అతకండి. అతుకులన్నీ ఒకే చోట కాకుండా ఒక్కొక్కటి సెంటీమీటరు ఎడంగా వచ్చేలా తీగల్ని పొడవు పొట్టిగా కోసుకోండి. అప్పుడు ఒకదానికొకటి తగలవు, తీగా లావు కాదు. ఒక్కోదానికి సన్న స్లీవ్, మొత్తం మీద పెద్ద స్లీవ్. స్లీవ్‌లు అతకకముందే ఎక్కించాలని మళ్లీ చెప్పనక్కర్లేదు.

కప్పు దగ్గర తెగితే మెత్తను మెల్లగా ఊడదీయండి, చాలావాటికి కింద స్క్రూలుంటాయి. స్పీకర్ వెనక రెండు అతుకులు కనిపిస్తాయి. విప్పకముందే ఫోన్‌తో ఫొటో తీయండి. రెండు తీగలు తారుమారైతే ఆ చెవిలో శబ్దం వస్తుంది కానీ, రెండు స్పీకర్లు ఒకదానికొకటి ఎదురుగా కదిలి, బాస్ పలచబడి, గొంతు తల మధ్యలో కాకుండా ఎక్కడో చెల్లాచెదురుగా వినిపిస్తుంది. స్పీకర్ వెనక ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనించకండి, లోపలి కాయిల్ తీగ అతుక్కునేదీ అక్కడే. కప్పు లోపల తీగకు ఒక ముడి వేసి ఉంటుంది, ఆ ముడిని అలాగే మళ్లీ వేయండి. బయట లాగితే ఆగేది దానివల్లనే.

చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్ల లోపల మాత్రం చేయి పెట్టమని చెప్పను. డబ్బా జిగురుతో మూసి ఉంటుంది, తెరిస్తే మూత పగులుతుంది, లోపల అతుకులు ఆవగింజంత ఉంటాయి. వాటికి పిన్ను దగ్గరో, తీగ మధ్యలోనో తెగితేనే మరమ్మతు దండగ కాదు.

బాగుచేసిన తీగను తీసేటప్పుడు మూత పట్టుకుని తీయండి. ఫోన్ చుట్టూ బిగించి చుట్టకుండా, అరచేతి వెడల్పున వదులుగా చుట్టలు చుట్టి పెట్టుకోండి. రైల్లో, బస్సులో ఫోన్ జేబులో పెట్టుకునేటప్పుడు పిన్ను పైకి ఉండేలా పెట్టుకుంటే తీగ జేబు అడుగున నలగదు. కొన్నాళ్లకు మళ్లీ గరగర మొదలైతే మూత విప్పి ముందు పొడవు రేకు రెక్కల్ని చూడండి. వదులైన రెక్కల వల్ల అతుకు లాగబడి ఉంటుంది, దాన్ని మళ్లీ వేడిచేసి రెక్కలు నొక్కితే సరిపోతుంది.